చెడ్డ ఏడాదిలో చేతికొచ్చే గింజ: ఎంటీయూ 7029 కేస్ స్టడీ

మన దేశం బియ్యంలో తన కాళ్ల మీద తాను నిలబడిందని అందరికీ తెలుసు. ఎలా నిలబడిందని అడిగితే చాలామంది ‘హరిత విప్లవం’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పశ్చిమ గోదావరి జిల్లాలో ముప్ఫై ఏళ్లు వ్యవసాయాధికారిగా పనిచేసిన నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. అందుకే ఒకే ఒక్క వరి రకాన్ని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. ఆ రకం ఎంటీయూ 7029, అంటే స్వర్ణ. మా జిల్లాలో మారుటేరు వరి పరిశోధన స్థానంలో పుట్టి, ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ దాకా పాకింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కు కూడా వెళ్లింది.

దిగుబడి రికార్డుల గురించి ఇక్కడ రాయడం లేదు. మంచి ఏడాదిలో ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నది రైతుకు సంతోషం కలిగించే లెక్క. దేశం తిండికి సరిపడా పండించుకుంటోందా లేదా అన్నది మాత్రం చెడ్డ ఏడాదిలోనే తెలుస్తుంది. వాన ముఖం చాటేసినప్పుడు, వరద ముంచెత్తినప్పుడు, ధర పడిపోయినప్పుడు ఏం మిగిలిందో చూడాలి. నా ఉద్యోగంలో ఈ మూడు రకాల చెడ్డ ఏడాదులనూ చూశాను. ఈ కేసును ఆ మూడింటి మీదుగానే చెబుతాను.

ముందున్న పరిస్థితి

1964-65లో దేశంలో ఆహార ధాన్యాలు 8.9 కోట్ల టన్నులు పండాయి. మరుసటి ఏడాది వానలు లేక అది 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. బియ్యం ఒక్కటే చూస్తే 3.9 కోట్ల టన్నుల నుంచి 3.1 కోట్ల టన్నులకు దిగింది. ఆ వెంటనే రెండో ఏడాదీ కరువే. 1966లో కోటి టన్నులకు పైగా తిండి గింజలు దిగుమతి చేసుకున్నాం. అందులో ఎక్కువ భాగం పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద అక్కడి నుంచి వచ్చిన గోధుమ. ఓడ రేవుకొస్తేనే పొయ్యి వెలిగే రోజులవి. ఆ ఓడలను కూడా అమెరికా ప్రభుత్వం నెలనెలా లెక్కపెట్టి, మన ఢిల్లీ ఏం మాట్లాడుతోందో చూసుకుంటూ వదిలేది. సోమవారం ఒక పూట భోజనం మానండని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్ని అడిగారు. మా అమ్మ ఆ సోమవారాలు పాటించింది. ఇంట్లో పిల్లలకు వండి పెట్టి తను మజ్జిగ తాగి ఊరుకునేది.

మా జిల్లాకు గోదావరి కాలువలున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. నీళ్లున్నాయి, మట్టి ఉంది, సేద్యం ఎరిగిన రైతులున్నారు. అందుకే 1960-61లో ప్యాకేజీ ప్రోగ్రాం కోసం దేశం మొత్తం మీద ఏడు జిల్లాలు ఎంచినప్పుడు తంజావూరు, లూధియానాలతో పాటు పశ్చిమ గోదావరిని కూడా తీసుకున్నారు. ఎరువు ఇచ్చారు, అప్పు ఇచ్చారు, ఊరూరా సలహాదారుల్ని పెట్టారు. అడ్డుపడింది వరి మొక్కే. అక్కుళ్లు, ఆట్రగడ, కృష్ణ కాటుకలు వంటి పాత రకాలు నిలువెత్తు పెరిగేవి. నత్రజని కాస్త ఎక్కువ పడితే గడ్డి పెరిగేది, వెన్ను బరువెక్కగానే చేను పడిపోయేది. పడిన చేను నీళ్లలో నానితే కంకి మీదే మొలక వస్తుంది. మరి రైతు ఎరువు ఎందుకు వేస్తాడు?

పొట్టి రకాలతో ఆ చిక్కు వీడింది. తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1 వచ్చింది. అది పడిపోయేది కాదు గానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోయేది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్-8 విడుదల చేసింది. 1967లో మా జిల్లాలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి పండించి చూపించారు. ‘మిస్టర్ ఐఆర్-8’ అని లోకమంతా పిలిచింది ఆయన్నే. ఆచంట వైపు పనిమీద వెళ్లినప్పుడల్లా ఆ పొలాల దగ్గర ఒక్క నిమిషం ఆగకుండా వచ్చేవాడిని కాదు. 1965లో హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా అఖిల భారత వరి సమన్వయ పథకం మొదలైంది, 1968లో అక్కడి నుంచి జయ అనే రకం వచ్చింది. అదే 1965లో భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ ఏర్పడ్డాయి. విత్తనం, ధర, కొనుగోలు మూడూ ఒకేసారి కుదరడం వల్లనే కథ ముందుకు నడిచింది. ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ కుంటుపడేవి.

కానీ ఐఆర్-8 అన్నం జనానికి నచ్చలేదు. గింజ లావు, పొట్ట తెలుపు, చల్లారితే అన్నం గట్టిపడేది. అమ్ముకోవడానికి పనికొచ్చింది గానీ ఇంట్లోకి ఎవరూ ఉంచుకునేవారు కాదు. తెగుళ్లూ ఎక్కువే. పైగా పెట్టుబడి పెట్టగలిగి, నీళ్లు చేతిలో ఉన్న రైతులకే అది సరిపోయేది. మరి వానను నమ్ముకున్న ఒడిశా రైతు, ఎరువు కొనలేని బీహార్ రైతు ఏం వేయాలి? 1970ల చివరి దాకా దీనికి సరైన జవాబు లేదు.

మారుటేరు విత్తనం

మారుటేరు పరిశోధన స్థానం 1925 నుంచి ఉంది. పెనుమంట్ర మండలంలో, చుట్టూ వరిచేల మధ్య ఉంటుంది. అక్కడి శాస్త్రవేత్తలు వశిష్ఠ అనే రకాన్ని మషూరితో కలిపి సంకరం చేశారు. మషూరి కథ కూడా చెప్పుకోవాలి. 1950లలో కటక్‌లో మన వైపు ఇండికా, జపాన్ వైపు జపానికా వరులను కలిపే పెద్ద అంతర్జాతీయ కార్యక్రమం నడిచింది. ఎన్నో దేశాల కోసం వందల సంకరాలు చేస్తే నిలబడినవి నాలుగైదు. వాటిలో ఒకటి మలేషియాకు వెళ్లి అక్కడ మషూరి అయింది, మళ్లీ మన దేశానికొచ్చింది. తమిళనాడులో పొన్ని అన్నది దీన్నే. తినడానికి మంచి బియ్యం, తక్కువ ఎరువుతో పండుతుంది, కానీ పొడుగు కాబట్టి పడిపోతుంది. దానికి పొట్టితనం అద్దితే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి స్వర్ణ పుట్టింది. బాపట్లలో ఇదే మషూరి రక్తంతో 1986లో సాంబ మషూరి, అంటే మనం రోజూ తినే బీపీటీ 5204 వచ్చింది. ఇవాళ తెలుగు ఇళ్లలో ఉడికే అన్నం వెనక కటక్, మలేషియా, మారుటేరు, బాపట్ల అన్నీ ఉన్నాయి.

స్వర్ణ 1982లో విడుదలైంది. పొట్టు ముదురు బంగారు ఛాయ, అందుకే ఆ పేరు. కాలం నూట యాభై రోజుల దాకా పడుతుంది. జూన్‌లో నారు పోస్తే కోత నవంబరు, డిసెంబరుల్లో. సార్వాకు, అంటే ఖరీఫ్‌కు, సరిగ్గా సరిపోతుంది. మడిలో కొంచెం నీళ్లు నిలబడినా తట్టుకుంటుంది, పిలకలు బాగా పెడుతుంది. ఎండాకు తెగులును చాలావరకు ఓర్చుకుంటుంది. పాము పొడ తెగులుకు మాత్రం లొంగుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద గుణం ఇంకొకటుంది. యూరియా తక్కువైనా స్వర్ణ పండుతుంది. తగ్గిస్తే దిగుబడి తగ్గుతుంది, నిజమే, కానీ కుప్పకూలదు. ఎరువు పూర్తిగా వేసిన మడికీ సగం వేసిన మడికీ మధ్య తేడా మిగతా రకాల్లో కనిపించినంత భయంకరంగా ఉండదు. రైతు భాషలో చెప్పాలంటే, ‘పెట్టకపోయినా అన్నం పెడుతుంది’. నేను సర్వీసులో చేరిన కొత్తలో పెనుగొండ వైపు ఒక పెద్దాయన గట్టు మీద కూర్చుని చెప్పిన మాట ఇది. అధిక దిగుబడి రకాల గురించి ఒక రైతు అలా మాట్లాడటం అంతకుముందు నేను వినలేదు.

విత్తనం ఎలా పాకిందో దగ్గరగా చూశాను. మినీకిట్ అని చిన్న గుడ్డ సంచిలో కొన్ని కిలోల విత్తనం ఇచ్చేవాళ్లం. తీసుకున్న రైతు దాన్ని నాలుగు సెంట్ల మూలమడిలో వేసేవాడు. మంచి మడిలో వేయడు. పాడైతే పాడైంది అన్న చోట వేస్తాడు. కోతకు ముందు చుట్టుపక్కల వాళ్లు వచ్చి గట్టు మీద నిలబడి చూసేవారు. ఒక వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, పొట్టు ఊది, బియ్యం గింజను పంటి కింద కొరికి చూసేవారు. ఎవరూ ఒక్క మాట అనరు. మరుసటి ఏడాది మాత్రం వచ్చి విత్తనం అడుగుతారు. ఎక్కువగా మారకమే నడిచేది. తన ఇంటి గింజ ఇచ్చి, పైన ఒక కుంచం కలిపి, స్వర్ణ తీసుకెళ్లేవారు. మూడు సార్వాలు తిరిగేసరికి మా మండలంలో మేము మినీకిట్ ఇవ్వని ఊళ్లలో కూడా స్వర్ణ ఉంది.

తూర్పు రాష్ట్రాలకు కూడా ఇలాగే వెళ్లింది. అక్కడి ప్రభుత్వాలు సిఫారసు చేయకముందే రైతు నుంచి రైతుకు, వ్యాపారి నుంచి వ్యాపారికి చేరింది. బెంగాల్లో లాల్ స్వర్ణ అన్నారు, బంగ్లాదేశ్‌లో గుటి స్వర్ణ అన్నారు. ఎంటీయూ అంటే మారుటేరు అని అక్కడ చాలామందికి తెలియదు. తెలిసినా తెలియకపోయినా లక్షల హెక్టార్లలో వేశారు. దేశంలో బియ్యం 1980-81లో 5.4 కోట్ల టన్నులుంటే 1990-91కి 7.4 కోట్ల టన్నులైంది. ఆ పెరుగుదలంతా స్వర్ణ వల్లే అంటే అబద్ధమవుతుంది. బెంగాల్లో గొట్టపు బావులతో వేసిన బోరో (వేసవి వరి) పంట వాటా పెద్దది. కానీ పంజాబ్ దాటి తూర్పుకు, వానాధారపు పల్లపు భూముల్లోకి హరిత విప్లవం అడుగుపెట్టింది ఇలాంటి రకాలతోనే.

నా వల్ల జరిగిన నష్టం

1988 సార్వాలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. కేస్ స్టడీ రాసేవాడు దాన్ని దాచకూడదు.

మాకు దిగుబడి లక్ష్యాలుండేవి. స్వర్ణ తక్కువ ఎరువుతోనే ఇంత పండుతోంది కదా, ఎక్కువ వేస్తే ఇంకెంత పండుతుందో అనుకున్నాను. ఒక ఊళ్లో పది మంది రైతుల్ని ఒప్పించి ఎకరానికి మూడు బస్తాల యూరియా వేయించాను. దమ్ములో ఒకటి, పిలకల దశలో ఒకటి, చిరుపొట్టకు ఒకటి. సెప్టెంబరులో చేను చూస్తే కళ్లు చెదిరిపోయేవి. ముదురు ఆకుపచ్చ, గాలి చొరబడనంత గుబురు. అక్టోబరులో ముసురు పట్టింది. మొదట నీటి మట్టం దగ్గర కాండం మీద పాము ఒంటి మీది మచ్చల్లాంటివి కనిపించాయి. పది రోజుల్లో పై ఆకుల దాకా ఎక్కేశాయి. పాము పొడ. మందు కొట్టించాం, ఆలస్యమైపోయింది. ఈనిన వెన్నుల్లో సగానికి సగం తాలు పోయాయి. కొన్ని మడులు పడిపోయాయి కూడా.

పంట కోత ప్రయోగం నేనే దగ్గరుండి చేయించాను. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు కట్టి, ఆ లోపలి చేను కోయించి, అక్కడే నూర్చి, తూర్పారబట్టి తూకం వేశాం. నేను సలహా ఇచ్చిన మడిలో తొమ్మిది కిలోలు. పక్క గట్టవతల, నా మాట వినని రైతు మడిలో పద్నాలుగు కిలోలు. పచ్చి తూకం మీద లెక్క కడితే ఎకరానికి పంతొమ్మిది బస్తాలు ఒకవైపు, ముప్ఫై బస్తాలు ఒకవైపు. త్రాసు పట్టుకున్న ఆ రైతు నన్ను ఒక్క మాటా అనలేదు. ‘ఏం చేస్తామండీ, ముసురు కదా’ అన్నాడు. ఆ మాటతో నన్ను తప్పించాలని చూశాడు. ముసురు రెండు మడుల మీదా ఒకేలా పడిందని మా ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత నేను ఏ రకాన్నయినా చూసే పద్ధతి మారిపోయింది. కొత్త రకం గురించి ఎవరైనా ‘ఎకరానికి నలభై బస్తాలు’ అంటే, ‘తెగులొచ్చిన ఏడాది ఎంత వచ్చింది? ఎరువు దొరకని ఏడాది ఎంత?’ అని అడగడం అలవాటైంది. స్వర్ణ బలం దాని కింది గీతలో, అంటే చెడ్డ ఏడాదిలో కూడా చేతికొచ్చే దిగుబడిలో ఉంది. నేను దాన్ని పై గీతకు లాగబోయి రైతును ముంచాను. దేశానికి కూడా కావలసింది ఆ కింది గీతే అని నాకు 2002లో రూఢి అయింది.

మొదటి చెడ్డ ఏడాది: వాన రాని 2002

2002 జూలైలో వానలు మొహం చాటేశాయి. జూలై అంటే ఊడ్పుల నెల. ఆ నెల పోతే వరి పోయినట్టే. ఆ ఏడాది దేశంలో బియ్యం ఉత్పత్తి 9.3 కోట్ల టన్నుల నుంచి 7.2 కోట్ల టన్నులకు పడింది. మొత్తం ఆహార ధాన్యాలు 21.3 కోట్ల టన్నుల నుంచి 17.5 కోట్ల టన్నులకు దిగాయి. 1965-66లో తగ్గింది 1.7 కోట్ల టన్నులు. 2002-03లో తగ్గింది దానికి రెట్టింపు కన్నా ఎక్కువ, 3.8 కోట్ల టన్నులు. జనాభా కూడా రెట్టింపయింది.

అయినా తిండి గింజల కోసం ఓడల వంక చూడలేదు. ఆ వేసవి చివరికి కేంద్రం గోదాముల్లో 6 కోట్ల టన్నులకు పైగా బియ్యం, గోధుమలు ఉన్నాయి. అంతకుముందు ఏళ్లలో ఆ నిల్వల్ని చూసి ఎలుకలు తింటున్నాయని, డబ్బు దండగని చాలామంది తిట్టారు. తిట్లలో న్యాయం కూడా ఉంది, బస్తాలు ఆరుబయట టార్పాలిన్ల కింద తడిసిపోవడం నేనూ చూశాను. కానీ కరువు వచ్చిన ఏడాది ఆ బస్తాలే ‘పనికి ఆహారం’ పథకం కింద ఊళ్లకు వచ్చాయి.

అంతకంటే ముఖ్యం, కరువు ఏడాదిలో కూడా 7.2 కోట్ల టన్నుల బియ్యం పండింది. 1980-81లో మామూలు ఏడాది పంట 5.4 కోట్ల టన్నులే. అంటే ఇరవై ఏళ్ల తర్వాతి ఘోరమైన ఏడాది, అంతకుముందు తరం మామూలు ఏడాదిని దాటింది. ఎవరైనా స్వయం సమృద్ధి అంటే ఏంటండీ అని అడిగితే నేను ఈ ఒక్క పోలికే చెబుతాను.

రెండో చెడ్డ ఏడాది: 2011లో బైతరణి ఒడ్డున

స్వర్ణకు వరద చిక్కు ఒకటి ఉండేది. కొంచెం నీళ్లు నిలిస్తే ఓర్చుకుంటుంది గానీ పూర్తిగా మునిగితే కొద్ది రోజుల్లో కుళ్లిపోతుంది. మునిగిన వరి మొక్క సాధారణంగా పైకి రావాలని చూస్తుంది. ఉన్న సత్తువంతా కాండం సాగదీయడానికి ఖర్చు పెడుతుంది. నీరు తీసేసరికి అలసిపోయి పడిపోతుంది. ఒడిశాలోని ఒక పాత రకం నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అనే వరికి ఇందుకు పూర్తిగా ఎదురు గుణం ఉండేది. మునగగానే ఎదుగుదల ఆపేసి, ఊపిరి బిగబట్టినట్టు ఉండిపోతుంది. ఆ గుణానికి మూలమైన జన్యువును సబ్-1 అంటారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని స్వర్ణలోకి ఎక్కించారు. మిగతా గుణాలన్నీ స్వర్ణవే, మునిగినప్పుడు మాత్రమే ఆ పాత ఒడిశా వరి బుద్ధి. 2009లో మన దేశంలో స్వర్ణ సబ్-1 విడుదలైంది.

2011 సెప్టెంబరులో ఒడిశాలో మహానది, బ్రాహ్మణి, బైతరణి మూడూ పొంగాయి. నీరు తీశాక మా జిల్లా నుంచి కొందరం భద్రక్ వైపు వెళ్లాం. పొలాలు చూసి నా గుండె జారిపోయింది. చేనంతా గోధుమ రంగు బురద పూసుకుని, ఆకులు నేలకంటుకుని, కుళ్లు వాసన. మామూలు స్వర్ణ మడి, సబ్-1 మడి పక్కపక్కనే ఉన్నా పైనుంచి చూస్తే తేడా తెలియదు. మాతో ఉన్న అక్కడి రైతు వంగి, ఒక కుదురు మొదట్లో బొటనవేలితో నొక్కి చూపించాడు. మామూలు స్వర్ణ కాండం మెత్తగా చితికిపోయి వేళ్లకు జిగటగా అంటుకుంది. సబ్-1 కాండం గట్టిగా ఉంది. పై ఆకు లాగి చూస్తే లోపల, గోరంత పొడవున, లేత పసుపుపచ్చ మొవ్వ.

వారం తర్వాత ఆయన ఫోన్ చేశాడు. మాకు భాష సరిగా కుదరదు, నా హిందీ అంతంత మాత్రం, ఆయనదీ అంతే. ‘హరా, హరా’ అని మాత్రం అర్థమైంది. పచ్చబడిందట.

మూడో చెడ్డ ఏడాది: అదే సార్వా, కోనసీమలో

భద్రక్‌లో మునిగిన పొలాన్ని బతికించుకుంటున్న అదే సార్వాలో, గోదావరి పాయల మధ్య కోనసీమలో వరద లేకుండానే పొలాలు బీడు పెట్టారు. దాన్ని పంట విరామం అన్నారు. వేల ఎకరాల్లో రైతులు కావాలని నారు పోయలేదు. ఆనకట్ట కట్టిన నూట అరవై ఏళ్లలో కాలువలో నీళ్లుండగా అలా బీడు పెట్టడం మా ప్రాంతంలో ఊహించని సంగతి.

కారణాలు ఊరికొక తీరుగా చెప్పారు గానీ మూలం ఒకటే, పండిస్తే నష్టం. 2010-11లో సాధారణ రకానికి కనీస మద్దతు ధర క్వింటాలుకు 1000 రూపాయలు. ఆ వెయ్యి కూడా కళ్లంలో దొరకలేదు. బాస్మతి కాని బియ్యం ఎగుమతి మీద అప్పటికి మూడేళ్లుగా ఆంక్షలున్నాయి. మిల్లుల దగ్గర పాత సరుకే కదలడం లేదు, కొత్త ధాన్యం ఎవరు కొంటారు? కూలి రేట్లు పెరిగాయి. కోతల వేళకు మనుషులు దొరకరు. మురుగు కాలువలు పూడిపోయి, సార్వా చేలు అక్టోబరు వానలకు నీళ్లలో నానేవి. సాగు చేసేవాళ్లలో సగానికి సగం కౌలు రైతులే. అప్పు వాళ్లకు దొరకదు. పంట నష్టపరిహారం వచ్చినా భూమి పట్టా ఉన్నవాళ్ల పేరు మీదకే పోతుంది.

ఈ పంట విరామం సంగతి చూడమని రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. సెప్టెంబరులో కేంద్రం ఎగుమతులు తెరిచింది. మద్దతు ధర 1080 అయింది, మరుసటి ఏడాది 1250. అవన్నీ పనికొచ్చినవే. నన్ను ఇవాళ్టికీ వదలని విషయం వేరు. కోనసీమ రైతు దేశానికి తిండి పెట్టలేక బీడు పెట్టలేదు. పెట్టీ పెట్టీ తను అప్పులపాలై బీడు పెట్టాడు. గోదాములు నిండి ఉన్నాయి కాబట్టి ఆ సార్వాలో దేశానికి ఏమీ తెలియలేదు, రేషన్ షాపుల్లో బియ్యం ఆగలేదు. 1966లో కరువొస్తే ఢిల్లీ ఉలిక్కిపడింది. 2011లో రైతులు నారే పోయకపోతే ఢిల్లీకి వినిపించడానికి నెలలు పట్టింది. నిల్వ మనకు ఇచ్చిన ధీమా ఇలాంటి చెవుడును కూడా ఇచ్చింది.

వాన రాని ఏడాదికి విత్తనంలో జవాబు ఉంది, గోదాములో ఉంది. మునిగిన ఏడాదికి జన్యువులో దొరికింది. ధర లేని ఏడాదికి ఏ పరిశోధన స్థానమూ రకం తయారు చేయలేదు. దానికి జవాబు సమయానికి తెరిచే కొనుగోలు కేంద్రంలో, తేమ శాతం పేరుతో కోత పెట్టని తూకంలో, కౌలు రైతు చేతిలో ఉండే గుర్తింపు కార్డులో ఉంది.

ఇప్పటి లెక్క

1950-51లో 2 కోట్ల టన్నుల చిల్లర పండిన బియ్యం 2023-24లో 13.78 కోట్ల టన్నులైంది. ఆరున్నర రెట్లు దాటింది. వరి వేసిన భూమి మాత్రం ఒకటిన్నర రెట్లే పెరిగింది. మిగతా పెరుగుదలంతా ఎకరా మీద వచ్చిందే. 2012 నుంచి ప్రపంచంలో బియ్యం ఎక్కువ ఎగుమతి చేసే దేశం మనదే. 2023 జూలైలో మామూలు తెల్ల బియ్యం ఎగుమతి ఆపగానే ఆఫ్రికాలో, ఆసియాలో ధరలు పెరిగాయి. ఒకప్పుడు మన పొయ్యి ఎవరి ఓడ మీద ఆధారపడిందో తెలిసిన నాకు, ఇప్పుడు మన ఓడ మీద ఆధారపడ్డ పొయ్యిలు గుర్తొచ్చాయి. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం ఎత్తేశారు.

బియ్యం గోధుమల్లో తీరిన కరువు పప్పుల్లో, నూనెల్లో తీరలేదు. వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు అయినప్పుడు మా వీధిలో వారం రోజులు పప్పు వాసన రాలేదు. వరికి దొరికిన మూడు ఆసరాలూ, అంటే నమ్మకమైన విత్తనం, ముందే తెలిసిన ధర, కొనేవాడు, కందికీ వేరుశనగకూ ఒకేసారి ఎప్పుడూ దొరకలేదు. శాస్త్రవేత్తలు మంచి కంది రకాలు ఇచ్చారు. అవి పండిన ఏడాది ధర పడిపోయి, మరుసటి ఏడాది రైతు మళ్లీ వరికో పత్తికో పోయాడు. కందికి మినీకిట్లు నేనూ పంచాను. పంచిన ఊళ్లో మూడో ఏడాదికి కంది మిగలలేదు. విత్తనం బాగాలేక కాదు.

నీళ్ల సంగతి కూడా చూడాలి. మా కాలువల కింద వరి సరే. బోరు నీటితో వరి వేసే చోట భూగర్భ జలం దిగిపోతోంది. పంజాబ్ ఇప్పటికే ఆ ధర చెల్లిస్తోంది. చెడ్డ ఏడాదిలో నిలబడాలంటే మంచి ఏడాదుల్లో నీళ్లన్నీ తోడేయకూడదు.

మా జిల్లాలో ఇప్పుడు సార్వాకు ఎంటీయూ 1318 లాంటి కొత్త రకాలు వేస్తున్నారు. పడిపోవడం తక్కువ, మిషన్ కోతకు అనువు. స్వర్ణ విస్తీర్ణం ఏటా తగ్గుతోంది. పాతిక ముప్ఫై ఏళ్లు ఒకే రకం రాజ్యమేలడం మంచిది కాదు కాబట్టి తగ్గడమే సరైనది. ఒక కొత్త తెగులు వస్తే ఊళ్లకు ఊళ్లు ఒకేసారి దెబ్బతింటాయి.

పోయిన సార్వాలో పెనుగొండ వైపు వెళ్లాను. ఒకప్పుడు గట్టు మీద నాతో మాట్లాడిన పెద్దాయన లేరు, ఆయన కొడుకు సాగు చేస్తున్నాడు. ఏడు ఎకరాల్లో కొత్త రకం, కాలువ చివరన నీళ్లు నిలిచే ఎకరంన్నర పల్లంలో మాత్రం స్వర్ణ. విత్తనం ఎక్కడిది అని అడిగాను. ఇంట్లోకి తీసుకెళ్లి, అటక మీది గోనెసంచి దింపి, మూతి విప్పి నా దోసిట్లో పోశాడు. ముదురు బంగారు పొట్టు, బాగా ఆరి గలగలమంటున్న గింజ. ‘నాన్నగారి నాటిదేనండి, ఏడాదికేడాది ఏరి పెట్టుకుంటున్నాం. ఆ పల్లంలో ఇంకోటి వేస్తే ఒక ఏడు వస్తది, ఒక ఏడు రాదు’ అన్నాడు.